సిద్ధయ్య తోమిన ఇత్తడి

కువైట్‌లోని మిర్కాబ్‌లో ఒక ట్రావెల్ ఆఫీసు వెనక గది. ఇంటెలిజెన్స్ చీఫ్ చంద్రావతి టేబుల్ మీద చిన్న ఇత్తడి గొట్టం నిలబెట్టింది. పేల్చేసిన తూటా ఖాళీ కేస్. కొత్తదానిలా మెరుస్తోంది.

"సిద్ధయ్య చొక్కా మడతలో దొరికింది. గుండెపోటుతో పోయాడని రాశారు. నేను నమ్మడం లేదు."

ఏజెంట్ ఖాసిం వలి కేసును చేతిలోకి తీసుకున్నాడు. వఫ్రా తోటల్లో కూలీగా ఉన్న సిద్ధయ్యను ఇన్‌ఫార్మర్‌గా చేర్చింది తనే. 'నీకేం కాదు, నేనుండా' అని కడప యాసలో మాటిచ్చిందీ తనే.

"అడుగున మన దేశపు ముద్ర చూడు. మన ఫైరింగ్ రేంజ్‌లో ఏరిన కేసులను ఒక విదేశీ ముఠా స్క్రాప్‌లో కలిపి ఇక్కడికి తెచ్చింది. పాలిష్ చేసి మళ్లీ మందు కూరుతోంది. గురువారం ఇక్కడి హోటల్లో మన శాంతి చర్చలు. అవతలి దేశపు రాయబారిని కాల్చి కేస్ అక్కడ వదిలేస్తారు. నేరం మన మీద, ఆపై యుద్ధం."

"షూటర్?"

"తెలియదు. సిద్ధయ్య పనిలో నువ్వు చేరు. అక్కడ ఫరీదా అనే ఆమె సరుకు చెక్ చేస్తుంది. మూడేళ్లుగా మనకూ కబుర్లు ఇస్తోంది, వాళ్లకూ ఇస్తోంది."

"ఎవరి మనిషి మేడమ్?"

"తెలిస్తే చెప్పేదాన్నే."

మర్నాడు వలి మాసిన చొక్కాతో వఫ్రా తోట షెడ్డులో ఉన్నాడు. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు వేసి కేసులు కడగాలి. ఎండబెట్టాలి. తర్వాత అక్రోటు పెంకుల రవ్వతో డ్రమ్ములో వేసి తిప్పాలి. డ్రమ్ము గరగరమంటూ తిరుగుతోంది. ఆ చప్పుడు మధ్యలో ఎవరో దగ్గినట్టు వినిపించింది. వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డులో ఎవరూ లేరు.

వంటమనిషి పోలేరమ్మ రొట్టె తెచ్చింది.

"మిషను కాడ ఒంటిగా ఉండాకు అబ్బీ. సిద్ధన్న దగ్గు నాకూ ఇనపడతాది. పోయినోడికి ఈడేం పనో."

వలి రొట్టె పక్కన పెట్టి డ్రమ్ము ఆపాడు.

బుధవారం ముఠావాళ్లు పన్నెండు కేసులు అడిగారు. ఏడు అప్పటికే ట్రేలో సిద్ధంగా ఉన్నాయి. మిగిలిన ఐదూ వలి తోమాడు. కేసు అడుగున సన్నని రంధ్రం ఉంటుంది. నిప్పు దాని గుండానే మందుకు అంటుకుంటుంది. ఐదింటిలోనూ రవ్వ గింజ ఇరికించి జిగురు పెట్టాడు. ట్రేలో ఏడింటి మీద చెయ్యి వేసేలోగా అత్తరు వాసన వచ్చింది.

నల్లటి అబాయా, ఎర్రటి గోళ్లు. ఫరీదా ఒక్కో కేసునూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. వలి కేసు వంతు వచ్చింది. రంధ్రంలోంచి వెలుతురు రాలేదు. ఆమె కనురెప్ప వాల్చకుండా దాన్ని పెట్టెలో పెట్టింది.

"ఖలాస్," అంది.

పెట్టె మూతకింద వలి అప్పటికే బటనంత ట్రాకర్ అతికించాడు.

గురువారం మధ్యాహ్నం. హోటల్ లాబీలో వలి వెయిటర్ వేషంలో ఉన్నాడు. ట్రాకర్ సిగ్నల్ చెత్తబుట్టలో ఆగింది. పెట్టె ఖాళీ. వలి తలెత్తేసరికి ఒక ప్రెస్ ఫొటోగ్రాఫర్ సంచిలోంచి పిస్టల్ తీస్తున్నాడు. రాయబారి పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఏడు కేసులు మంచివే. అంటే చావుకు సగం పైనే అవకాశం.

క్లిక్. వాడు స్లయిడ్ లాగి మళ్లీ నొక్కాడు. క్లిక్. మూడోసారికి వలి వాడి మీద పడ్డాడు.

పోలీసులు పన్నెండు తూటాలూ విప్పారు. పన్నెండింటికీ రంధ్రం మూసి ఉంది.

సాయంత్రం ఫహాహీల్ సముద్రపు ఒడ్డున ఫరీదాను కలిశాడు.

"ఆ ఏడూ నువ్వు మూశావా?"

"కాదు. సిద్ధయ్య. చచ్చిపోయే ముందురోజు. చూశాను, నోరెత్తలేదు."

"అది బయటపడి చంపారా?"

ఆమె అతని వైపు చూడలేదు. "డ్యూటీలో ఉండగా అతని ఫోన్ మోగింది. మా వాళ్లు తీసి చూశారు. నీ నంబర్. ఇన్‌ఫార్మర్ అని అప్పుడే తేలిపోయింది."

అలల హోరులో దగ్గు వినిపించింది. ఈసారి వలి వెనక్కి తిరగలేదు.

రాత్రికి చంద్రావతి మెసేజ్ పెట్టింది. తోట కఫీల్, కూలీలకు వీసా ఇచ్చే యజమాని, వలి మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడట. ఒక యుద్ధాన్ని ఆపిన మనిషి పేరు కువైట్ రికార్డుల్లో ఒకేచోట నమోదైంది: పని వదిలి పారిపోయిన కూలీ.