సేవ్ చేయని దారి

పెనుకొండ బస్టాండులో టీ తాగుతున్న ఏజెంట్ శామ్యూల్‌ను పొద్దున్నే ఎవరో కాల్చి చంపారు. పిస్టల్‌కు సైలెన్సర్ ఉన్నట్టుంది, చప్పుడే రాలేదు. కళ్ళు తిరిగి పడ్డాడనుకుని టీకొట్టాయన ముఖాన నీళ్ళు చల్లాడు.

ఆ వార్త ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణానికి చేరింది. పైకి దుకాణం, వెనక గదిలో ఇంటెలిజెన్స్ ఆఫీసు. ఏజెంట్ సురేంద్ర లోపలికి రాగానే చీఫ్ కేశవమూర్తి తలెత్తకుండా అడిగాడు.

"అంచు ఏ రంగు కావల్ల?"

"అంచు లేనిదే కావల్ల సార్."

కోడ్ సరిపోయింది. ఏళ్ళ తరబడి ఒకరినొకరు ఎరిగినవాళ్ళకు ఈ తంతు ఎందుకో ఇద్దరికీ తెలియదు.

"శామ్యూల్ పోయినాడప్పా."

"విన్నా సార్."

సురేంద్రకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఒకే కంచంలో తిన్న మనిషి పోతే గుండె పగలాలని అతనికి తెలుసు. ఎంత వెతుక్కున్నా లోపల ఏమీ తగల్లేదు.

"రాడార్ సైంటిస్టు అన్నపూర్ణమ్మ పెనుకొండలో ఒక ఇంట్లో దాక్కోనుండాది," అన్నాడు చీఫ్. "ఏ ఇల్లో మనవాళ్ళకే తెలీదు. ఆమెను ఎత్తుకుపోను బ్లాక్ హెరాన్ గ్యాంగు కూడా ఆడే తిరుగుతాండారు. మూడింటికి బెంగళూరు నుంచి పెనుకొండలో ఉండే మన జీపుకు అడ్రసు మెసేజ్ వస్తుంది. ఆ జీపు పోయి ఆమెను ఎక్కించుకోవల్ల. మెసేజ్‌లకు దారి చూపే రౌటర్ హిందూపురంలో ఉండాది, దాని గుండానే పోవల్ల. ఆ రౌటర్‌లో ఎవడో దారి మార్చినాడు. అది కనిపెట్టినందుకే శామ్యూల్‌ను లేపేసినారు."

"మెసేజే ఆపితే?"

"ఆపితే జీపు కదలదు. సాయంత్రానికి ఇల్లిల్లూ వెతికి ఆమెను పట్టుకుంటారు. మెసేజ్ పోవల్ల, మనకే పోవల్ల. హిందూపురంలో మన ఏజెంట్ ప్రత్యూష ఉండాది, రౌటర్ గది తలుపు తీస్తుంది."

చీఫ్ ఒక చీర పెట్టె ఇచ్చాడు. పైన చిలకపచ్చ పట్టుచీర, కింద లాప్‌టాప్. జరీ ఉండ లోపల రౌటర్‌కు తగిలించే కన్సోల్ కేబుల్ చుట్టి ఉంది.

హిందూపురం పోయే ప్యాసింజర్ బండి దారిలో పెనుకొండలో ఆగింది. శామ్యూల్ శవం ఆ ఊరి ఆసుపత్రిలోనే ఉంది. సురేంద్ర కిటికీ లోంచి కాసేపు చూసి పల్లీలు కొనుక్కున్నాడు. రుచి తెలియలేదు.

హిందూపురంలో ఆ రౌటర్ ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. సురేంద్ర యూపీఎస్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. ప్రత్యూష అక్కడ నెట్‌వర్కింగ్ మేడమ్. ఆమె నడిచివస్తుంటే రిసెప్షన్‌లో కుర్రకారు పాఠం మరిచిపోయేలా ఉన్నారు. ఆమె కిటికీల్లేని సర్వర్ గది తలుపు తీసి, "బ్యాటరీ చూడండి, నాకు క్లాసు ఉండాది," అని వెళ్ళిపోయింది.

వేషానికి తగ్గ పని చేయాలి కదా అని సురేంద్ర ముందు యూపీఎస్ బ్యాటరీ వైరు ఊడదీశాడు. తరవాత లాప్‌టాప్ తెరిచి కేబుల్ తగిలించాడు. నల్లటి తెర మీద కర్సర్ మినుకుమంది. ‘ఎనేబుల్’ కొట్టి విభాగం పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఇక రౌటర్ అతని మాట వింటుంది. ‘షో ఐపీ రూట్’ అంటే ఏ ఊరికి ఏ దారో వరసగా చెప్పింది. పెనుకొండకు పోవలసినదంతా ముక్కూముఖం తెలియని అడ్రసుకు పోతోంది.

‘కాన్ఫిగ్ టెర్మినల్’ కొట్టి మార్పులు చేసే చోటికి వెళ్ళాడు. ‘నో ఐపీ రూట్’ అని ఆ దొంగ లైను కొట్టేశాడు. అసలు దారి టైపు చేశాడు. బయటికొచ్చి ‘రైట్ మెమరీ’ అన్నాడు. అది అనకపోతే చేసిన మార్పు ఆ కాసేపే. కరెంటు పోయి వస్తే రౌటర్ దాన్ని మరిచిపోయి, ఆఖరిసారి సేవ్ చేసినదే పట్టుకుంటుంది.

"బాగా చేస్తాండావే."

వెనక ప్రత్యూష. చేతిలో పిస్టల్, దానికి సైలెన్సర్.

"శామ్యూల్‌ను..."

"నేనే. వాడొక్కడికే తెలుసనుకుంటి. పాత దారి మళ్ళీ పెట్టు."

తుపాకీ తలకు తగిలినా సురేంద్రకు భయం వేయలేదు. అది ధైర్యం కాదని అతనికి తెలుసు. అయితే బుర్ర మాత్రం చల్లగా పనిచేసింది. హిందూపురంలో రోజూ మధ్యాహ్నం కరెంటు పోతుంది. వాచీ చూడకుండా, తప్పులు కొట్టి చెరుపుతూ, దొంగ లైనును నిదానంగా టైపు చేశాడు.

"దారి చూపించు."

‘షో ఐపీ రూట్’. తెర మీద దొంగ దారే కనిపించింది. ఆమె సంతృప్తిగా తలూపింది. "చాలు, లెయ్. చేతులు పైకి."

అతను లేచాడు. మూడు కావస్తోంది. కరెంటు పోలేదు. రోజూ తిట్టించుకునే కరెంటు ఇవాళే బుద్ధిమంతురాలైంది. ఆమె వేలు ట్రిగ్గర్ మీదికి జరిగింది.

అప్పుడు పోయింది. లాప్‌టాప్ తెర వెలుగు తప్ప గదంతా చీకటి. యూపీఎస్ ఆదుకుంటుందని ఆమె అనుకున్న ఆ ఒక్క క్షణంలో సురేంద్ర ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. గుండు సీలింగ్‌కు తగిలింది. పిస్టల్ లాక్కుని, ఆమెను నేలకు అదిమి, ఒక చేత్తో తడుముతూ బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించి స్విచ్ నొక్కాడు. యూపీఎస్ కూసింది. రౌటర్ మళ్ళీ మొదటి నుంచి లేచింది. తెర మీద లైన్లు తాపీగా, పెళ్ళి భోజనానికి వచ్చినవాళ్ళలా ఒక్కొక్కటే దిగుతున్నాయి. చివరికి ఏం చేయాలో చెప్పమన్నట్టు ప్రాంప్ట్ వచ్చింది. ‘షో ఐపీ రూట్’. అసలు దారే.

ఫోన్ మోగింది.

"అడ్రసు వచ్చిందబ్బా," అన్నాడు చీఫ్. "అన్నపూర్ణమ్మ జీపు ఎక్కింది. నువ్వెట్లుండావు?"

"ఉండా సార్. శామ్యూల్ ఇంటికి నేనే పోతా. వాళ్ళమ్మ సుశీలమ్మకు నేనే చెప్పల్ల."

ఆ పేరు పలకగానే ఫోన్ పెట్టేశాడు. కన్సోల్ కేబుల్‌తో ప్రత్యూష చేతులు కడుతుంటే అతని కళ్ళ నీళ్ళు ముడి మీద పడ్డాయి. పొద్దుటి నుంచి రాని ఏడుపు ఆగకుండా వచ్చింది. ఆమె మాత్రం తెరకేసి చూస్తూనే ఉంది.

"నా లైన్ యాడికి పోయింది? నా కళ్ళారా చూసినానే."

సురేంద్ర మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"చూసినావు మేడమ్, సేవ్ చెయ్యమనలేదు. బయట నీ పిల్లోళ్ళను అడుగు, మొదటి క్లాసులోనే చెప్పింటావు."