నల్లరాయి దగ్గర ఇంజను చప్పుడు

పిల్లలూ, మీరు మకస్సర్‌లో పుట్టి పెరిగారు. మీకు తెలిసిన సముద్రం రేవు గోడకు అవతల ఉండే నీళ్ళు. మా ద్వీపంలో అలా కాదు, మెట్లు దిగితే కాళ్ళకు తగిలేది సముద్రమే. ఈ కథ మీరెప్పుడూ వినలేదు. చెప్పాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. దీపం ఆర్పకుండానే చెబుతాను. భయమేస్తే మధ్యలో ఆపమనండి, ఆపేస్తాను.

మా ఊరికి తూర్పున, ఒడ్డు మలుపు తిరగ్గానే బటు హితమ్ ఉంది. అంటే నల్లరాయి. దాని కింద పగడపు గట్టు గోడలా నిలువునా దిగిపోతుంది. పగలు అక్కడ భయపడాల్సిందేమీ లేదు. పొద్దుగూకాక మాత్రం ఎవరూ ఆ వైపు పడవ తిప్పేవారు కాదు.

చంద్రుడు లేని రాత్రుల్లో అక్కడ ఒక చప్పుడు వినబడేది... టుక్ టుక్ టుక్ టుక్ — కంప్రెసర్ చప్పుడు.

కంప్రెసర్ అంటే మీకు తెలుసుగా, టైర్లకు గాలి కొట్టే యంత్రం. మావాళ్ళు దాన్ని పడవలో పెట్టుకుని, పసుపుపచ్చ గొట్టం చివర నోట కరుచుకుని తెరిపాంగ్‌ల కోసం దిగేవారు. సముద్రం అడుగున లావుపాటి జలగల్లా పడి ఉండే జీవులవి, మంచి ధర పలికేవి. గొట్టంతో కింద ఒకడు, ఇంజను దగ్గర పైన ఒకడు. కిందవాడి ఊపిరి పైవాడి చేతిలో ఉంటుంది. అందుకని అన్నదమ్ములో, మేనమామా మేనల్లుడో కలిసి వెళ్ళేవారు. పరాయివాణ్ణి ఇంజను దగ్గర కూర్చోబెట్టేవారు కాదు.

ఆ గట్టు కింద మా ఊరివాడొకడు చనిపోయాడు, పేరు ఎలియేజర్. ఇరవై నాలుగేళ్ళవాడు.

అప్పుడు ఆ గట్టు మీద సాసి ఉంది. చర్చిలో ప్రార్థన చేసి సాసి వేశారంటే, మళ్ళీ ప్రార్థన చేసి తీసేదాకా అక్కడ ఎవరూ ఏమీ పట్టకూడదు. ఒక సాయంత్రం ఊరంతా ఇంటి ప్రార్థనలో ఉంటే ఎలియేజర్ తన మేనమామ పడవను చెప్పకుండా తీసుకుని, ఒంటరిగా వెళ్ళి దిగాడన్నారు. పడవ మర్నాడు ఖాళీగా కొట్టుకొచ్చింది. అతను గట్టు కింద చూరులాంటి రాతి అడుగున దొరికాడు. సాసి తప్పాడు, సముద్రం పట్టుకుంది — ఊళ్ళో అందరి నోటా అదే మాట. నేను చెప్పిన చప్పుడు మొదలైంది ఆ తర్వాతే, అది ఎలియేజర్ దెయ్యమేనన్నారు.

ఆ రోజు నుంచి వాళ్ళమ్మ చర్చిలో చివరి బల్ల మీద కూర్చునేది. ఎవరూ కూర్చోమనలేదు. తనే వెళ్ళి కూర్చుంది.

చెల్లెలు యోసినా మాత్రం ఒప్పుకునేది కాదు. "మా అన్న సాసి తప్పాడంటే తప్పాడేమో. ఒంటరిగా మాత్రం దిగడు. పైన మనిషి లేకుండా గొట్టం నోట పెట్టుకునేంత పిచ్చివాడు కాదు."

"పోనీలేవే అమ్మాయ్," అనేవాడు మేనమామ బర్నబాస్. "చచ్చినవాణ్ణి ఇంకా ఎందుకు తవ్వుతావు? మీ అమ్మని ప్రశాంతంగా ఉండనీ."

మామ మాట యోసినాకు దేవుడి మాట. తండ్రి లేని ఇంట్లో తండ్రి చోట కూర్చున్నది ఆయనే. అన్న శవపేటికను ముందుండి మోసిందీ ఆయనే. ఆమెకు ఈత నేర్పి, సిలిండర్ కట్టుకుని దిగడం నేర్పించి, పర్యాటకులను నీళ్ళలోకి తీసుకెళ్ళే పనిలో పెట్టిందీ ఆయనే. చర్చి పెద్దగా సాసి ప్రార్థన చదివేదీ ఆయనే.

ఐదేళ్ళు గడిచాయి.

బాండుంగ్ నుంచి విదురి అని ఒకావిడ వచ్చింది. నడిచే సొరచేపను చూడాలట. అది రాత్రిపూట మాత్రమే బయటికొచ్చి, రెక్కల మీద పగడాల్లో పాకుతుంది. యోసినా ఆవిడను చీకటి పడగానే మలుపుకు ఇవతల దింపింది. పడవ నడిపేది యాకోప్, వయసులో యోసినా కంటే పెద్దవాడు.

"నడవడం దేనికయ్యా చేపకి?" అంది విదురి, భయం దాచుకోవడానికి.

"ఈత రాదు పాపం. అచ్చం మా బావమరిది లాగా," అన్నాడు యాకోప్. "చెల్లీ, మలుపు దాటి మాత్రం పోకు. ఇవాళ అమావాస్య."

సొరచేప కనబడింది. విదురి చాలాసేపు దాని వెంటే పోయింది. అంతలో నీటి వాలు మారింది... ఇద్దరినీ మెల్లగా, ఎవరో భుజం మీద చెయ్యేసి తోసినట్టు, తూర్పుకు తోసుకుపోయింది. యోసినా గట్టును గుర్తుపట్టేసరికి మలుపు దాటేశారు.

అప్పుడు వినబడింది.

టుక్ టుక్ టుక్ టుక్...

నీళ్ళలో చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో తెలియదు. నాలుగు వైపుల నుంచీ వస్తుంది. పళ్ళలోంచి కూడా వస్తుంది.

యోసినా తొందరపడలేదు. విదురి చెయ్యి పట్టుకుని, లోతు నుంచి ఒక్కసారిగా లేవకూడదు కాబట్టి ఐదు మీటర్ల దగ్గర ఆపవలసినంతసేపు ఆపి, పైకి తెచ్చింది. వాళ్ళ దీపాల వెలుగు చూసుకుంటూ వెనకే వచ్చిన యాకోప్ ఆవిడను పడవలోకి లాగాడు. యోసినా ఎక్కలేదు.

"చెల్లీ, ఎక్కు."

"విన్నావా?"

"వినలేదు. నేనేమీ వినలేదు. ఎక్కు తల్లీ!"

"సగం గాలి ఉంది. ఇరవై నిమిషాల్లో రాకపోతే రాయి అవతలికి రా."

"దెయ్యాన్ని పలకరించడానికి పోతావా? పిచ్చా నీకు?"

"దెయ్యమైతే మా అన్నే కదా..." అని మునిగింది.

పది మీటర్లు. పదిహేను. దీపం వెలుగులో పసుపుపచ్చ గొట్టం కనబడింది. పైనుంచి తాడులా వేలాడుతూ గట్టు వెంబడి కిందికి పోతోంది.

దెయ్యం కాదు. గొట్టం నిజంది. ఎవడో దొంగ. తన అన్న పేరు అడ్డం పెట్టుకుని ఎవడో సాసి గట్టును దోచుకుంటున్నాడు — యోసినాకు భయం పోయి ఒళ్ళు మండింది. గొట్టం పట్టుకుని దిగింది. ఇరవై. ఇరవై ఐదు. గొట్టం చూరు కిందికి దూరింది. అన్న దొరికిన ఆ చూరే.

లోపల దీపం వెలుగేమీ లేదు. చూరు అంచు నుంచి బుడగలు మాత్రం వస్తున్నాయి.

ఎవరి నోటా లేని గొట్టంలోంచి గాలి ఒకటే ధారగా పోతుంది, పిల్లలూ. ఇది యోసినా నాకు రెండుసార్లు చెప్పింది. నేనూ రెండుసార్లు అడిగాను. ధారగా పోవాలి.

అవి ధారగా రావడం లేదు.

ఒక గుప్పెడు వచ్చి... ఆగుతున్నాయి. మళ్ళీ ఒక గుప్పెడు... ఆగుతున్నాయి. ఎవరో లోపల ఊపిరి పీల్చి, వదులుతున్నట్టు. నింపాదిగా. పని చేసుకుంటున్నవాడు పీల్చినట్టు.

ఆమె దీపం చూరు కిందికి తిప్పింది. ఇసుక ఉంది. రాయి ఉంది. గొట్టం చివర ఉంది.

మనిషి లేడు.

ఇంకో మీటరు దిగితే తిరిగి రావడానికి గాలి చాలదు. యోసినా గొట్టాన్ని వదలకుండానే పైకి లేచింది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగింది. ఆ మూడు నిమిషాలూ అరచేతిలో గొట్టం కదులుతూనే ఉంది — ఉబ్బుతూ, తగ్గుతూ.

పైన దీపం లేని పడవ. ఇంజను పక్కన ఒక్కడే మనిషి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"మామా?"

బర్నబాస్ ఉలిక్కిపడలేదు. ఎప్పటికో అప్పటికి వస్తుందనుకున్నట్టు చూశాడు.

"కింద ఎవరున్నారు మామా?"

"ఎవరూ లేరమ్మా."

"ఊపిరి తీస్తున్నారు."

"తెలుసు," అన్నాడు.

యోసినా పడవ అంచు పట్టుకుని అలాగే నీళ్ళలో ఉండిపోయింది. ఆయన అడక్కుండానే చెప్పాడు... గుసగుసగా, ఇంజను చప్పుడులో సగం కలిసిపోయేలా.

"నేనే తీసుకొచ్చాను వాణ్ణి. రానన్నాడు. సాసి మామా, తప్పు మామా అన్నాడు. ఒక్క రాత్రే కదరా అన్నాను. వాడు దిగాక గస్తీ పడవ దీపం కనబడింది. ఇంజను చప్పుడు వింటారని... ఆపాను. ఐదు నిమిషాల్లో పోతారనుకున్నాను. వాళ్ళు కదల్లేదు."

"అన్న గొట్టం లాగలేదా?"

"లాగాడు."

"ఎన్నిసార్లు?"

బర్నబాస్ ఇంజను వైపు తిరిగాడు. "నేను ఈదుకుంటూ ఒడ్డుకు పోయాను," అన్నాడు. "ప్రార్థన ఇంకా అవలేదు. వెనక వరసలో కూర్చున్నాను. తల తడిగా ఉందేమని ఎవరూ అడగలేదు."

"అమ్మ ముందర అన్నను దొంగన్నావు. ఒంటరిగా పోయాడన్నావు."

"ప్రతి అమావాస్యకూ వస్తున్నానమ్మా. గొట్టం దించి, తెల్లారేదాకా నడుపుతున్నాను. వాడికి గాలి ఇస్తున్నాను. ఇంకేం చెయ్యమంటావు?"

"అమ్మకి చెప్పు."

"నేను పోయాక నువ్వు చెబుదువుగాని."

"ఇప్పుడు చెప్పు. ఇంజను ఇలాగే నడవనీ. ఊరంతా వచ్చి చూడనీ."

అప్పుడే రాయి పక్కనుంచి వెలుగు పడింది. ఇరవై నిమిషాలయింది. యాకోప్ దేవుణ్ణి తలుచుకుంటూ, పెద్ద దీపం పట్టుకుని వస్తున్నాడు.

బర్నబాస్ ఆ వెలుగు చూశాడు. మేనకోడలి మొహం చూశాడు. ఆయన చెయ్యి ఆలోచించినట్టు లేదు, దానంతటదే ఇంజను మీదికి పోయింది.

ఇంజను ఆగిపోయింది.

సముద్రం మీద అంత నిశ్శబ్దం యోసినా ఎప్పుడూ వినలేదు.

చేతిలో గొట్టం ఒకసారి ఉబ్బింది. మెత్తబడింది. ఆ తర్వాత —

ఎవరో లాగారు.

మెల్లగానే. కొంచెం గాలి పంపమని అడిగినట్టు. మళ్ళీ లాగారు. మళ్ళీ... ఈసారి గట్టిగా.

"మామా, అన్న లాగుతున్నాడు! వెయ్యి మామా ఇంజను!"

బర్నబాస్ రెండు చేతులతో చెవులు మూసుకుని, వచ్చే దీపానికి మొహం కనబడకుండా పడవ అడుగున పడుకున్నాడు. యోసినా పడవలోకి పాకి ఇంజను తాడు అందుకునేసరికి గొట్టం వదులైపోయింది.

యాకోప్ వచ్చి దీపం ఎత్తాడు. "ఎవరు కింద?"

"మా అన్న," అంది యోసినా. "మామ ఇంజను ఆపేశాడు."

ఆదివారం చర్చిలో ఆమె చివరి బల్ల దగ్గర, అమ్మ పక్కన లేచి నిలబడి ఇదంతా చెప్పింది. బర్నబాస్ ముందు వరసలో ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. ఆ వారం ఓడకే ద్వీపం వదిలి పోయాడు. కొందరు నమ్మారు. కొందరు, అంత లోతుకు పోతే మత్తెక్కుతుంది, నీటి వాలుకు గొట్టం కదిలి ఉంటుంది అన్నారు. అదీ కావచ్చు. నేను చూడలేదు కాబట్టి కాదని చెప్పలేను. ఇప్పటికీ అక్కడ చప్పుడు వస్తోందా అని అడిగితే యాకోప్ మాట మారుస్తాడు.

ఊళ్ళో సగం మంది ఇంకా పాత కథే చెబుతున్నారు, పిల్లలూ. అందుకే మీకు చెప్పాను. రేపు మీ పిల్లలకు మీరు చెప్పండి. భయం కోసం ఇంకేమైనా కలిపితే కలుపుకోండి. ఎలియేజర్ ఏ తప్పూ చెయ్యలేదని మాత్రం చెప్పకండి — సాసి గట్టు అని తెలిసే దిగాడు. కానీ ఒంటరిగా దిగలేదు. పైన సొంత మేనమామ ఉన్నాడన్న నమ్మకంతో దిగాడు. ఆ మాట వదలకుండా చెప్పండి.