తెరిచిన పటం

పొద్దున్నే బసమ్మ జొన్నరొట్టెలు చేసి గుడ్డలో మూట కట్టింది. మల్లప్ప మద్దెలను ఎండలో పెట్టి, మధ్య మధ్య వేలితో కొట్టి చూస్తున్నాడు. సంగప్ప గోడకు ఆనుకుని కూర్చుని తన కట్టెకు ఆముదం రాస్తున్నాడు. శివమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా పటాన్ని చుట్టి, దాని మీద గొంగడి కప్పింది.

నారాయణఖేడ్‌లో వాళ్లది పటం కథలు చెప్పే ఇల్లు. పదిహేను మూరల గుడ్డ మీద బొమ్మలు గీసి, దాన్ని రెండు గుంజల మధ్య వేలాడదీసి, బొమ్మ బొమ్మకూ కట్టె ఆనిస్తూ కథ చెప్పడం వాళ్ల పని. ఆ రోజుల్లో తాలూకా కచేరీ మీద ఇంకా నిజాం జెండానే ఎగురుతోంది. సుగ్గి కోతలు కాగానే కంగ్టి వైపు నాలుగూళ్లు, సిర్గాపూర్ వైపు నాలుగూళ్లు తిరిగి, ఆ రైతులకు వాళ్ల పూర్వికుల కథ చెప్పి, గింజలు తెచ్చుకునేవాళ్లు.

సంగప్ప, బసమ్మల కూతురు శివమ్మకు పద్దెనిమిదేళ్లు. ఏడేళ్ల వయసు నుంచి ఆమె చోటు పటం వెనకే. తండ్రి కథ చెబుతుంటే వెనక నిలబడి పటం చుట్టను కొంచెం కొంచెంగా విప్పాలి. వెనక నుంచి బొమ్మలు కనిపించవు. కానీ ముప్పై ఏళ్లుగా కట్టె తగిలి తగిలి రంగు రాలిపోయిన చోట్ల గుడ్డ పలచబడి, ఎండ చుక్కలు చుక్కలుగా ఇవతలికి వచ్చేది. ఏ మాటకు ఏ చుక్క మీద కట్టె నీడ పడుతుందో చూసి చూసి ఆమె కథంతా నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

పది రోజుల కిందట సంగప్ప అన్నం తింటూ, వచ్చే ఏటి నుంచి కథ చెప్పే కట్టె మల్లప్పకు ఇస్తానన్నాడు. మల్లప్ప అతని అక్క కొడుకు, నేర్చుకోవడానికి వచ్చి ఆరు నెలలైంది. శివమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమె ముఖం చూసి బసమ్మ, ఆడపిల్ల కట్టె పట్టుకునే ఆచారం లేదు కదా అని సర్దిచెప్పింది.

మర్నాడు తండ్రి పటం అంచు చిరిగింది కుట్టమన్నాడు. శివమ్మ అంచు కుట్టింది. కోపం మాత్రం కుట్టుతో ఆగలేదు. చింతగింజల జిగురు కాచి, ఎర్రటి ఇంగిలీకం నూరి, ఉడుత వెంట్రుకల కుంచెతో రాలిపోయిన ప్రతి చోటూ పూడ్చింది. నోరు తెరవనివ్వకపోతే చేతులైనా మాట్లాడాలనుకుంది. ఎనిమిది రోజులు పట్టింది. చివరికి పటం తెచ్చి తండ్రి ముందు పరిస్తే, ఆయన అంచు తడిమి చూసి, కుట్టు మంచిగుంది అని లేచిపోయాడు. రంగు గురించి ఒక్క మాట లేదు. అప్పటి నుంచి ఆమె ఆయనతో మాట్లాడడం మానేసింది.

వాళ్ల బండి సిర్గాపూర్ చేరేసరికి జగన్నాథ్ పటేల్ పశువుల కొట్టం ముందు జనం కూర్చుని ఉన్నారు. పటేల్ వంశానికి మూలమైన పెద్దవ్వ కథ అది. కరువులో కొడుకులు తలోదిక్కు పోతే, ముసలామె ఒక్కతే ఏడు ఎద్దులను తోలుకుని మంజీర వైపు నడుస్తుంది. ఆరు ఎద్దులు ఏరు చేరతాయి. ఏడోది కుంటిది, దారిలో కూలబడుతుంది. పెద్దవ్వ తన కొంగు నీళ్లలో ముంచి తెచ్చి దాని నోట్లో పిండుతుంది. ఆ ఎద్దు లేచి నిలబడ్డ చోటే వాళ్ల ఊరు.

మద్దెల మోగింది. సంగప్ప గొంతెత్తాడు. వెనక శివమ్మ చుట్ట విప్పింది. మొదటిసారి ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. ఇవతలికి ఎండ చుక్క ఒక్కటీ రావడం లేదు. కట్టె నీడ మాత్రం గుడ్డ మీద దారి తప్పిన మేకలా అటూ ఇటూ తిరుగుతోంది.

"ఇగో, పెద్దవ్వ మొకం చూడుండ్రి. సూర్యుని తీరుగ ఎట్ల ఎలుగుతుందో చూడుండ్రి," అన్నాడు సంగప్ప.

జనం గొల్లున నవ్వారు. కట్టె ఎద్దు తోక మీద ఉంది.

సంగప్ప కట్టె జరిపాడు. ఈసారి ఎద్దు పొట్ట మీద ఆగింది. నవ్వు ఇంకా పెరిగింది. సంగప్ప కట్టె దించి కథ ఆపేశాడు.

జగన్నాథ్ పటేల్ లేచాడు. "మా పెద్దవ్వ మొకమని ఎద్దు తోక చూపెడ్తవా సంగప్పా? తాగి వచ్చినవా?"

పొద్దు వాలాక మళ్లీ కూర్చుంటామని, అప్పుడు సక్కగా ముగించకపోతే వచ్చే ఏడు వేరేవాళ్లను పిలుచుకుంటామని చెప్పి పటేల్ లోపలికి వెళ్లాడు. జనం బువ్వలకు లేచారు. పటం అలాగే వేలాడుతూ ఉండిపోయింది. తెరిచిన పటాన్ని కథ ముగియకుండా చుట్టకూడదు. ముగియని కథను చుట్టుకుని వెళ్తే, చెప్పిన ఇల్లు మళ్లీ ఆ ఊళ్లో అడుగు పెట్టకూడదు. అది వాళ్ల తాతల నాటి కట్టడి.

కొట్టం ముందు వాళ్లు నలుగురే మిగిలారు.

"పటాన్ని ఏం చేసినవే?" అన్నాడు సంగప్ప.

"రంగేసిన. ఎనిమిది దినాలు ఏసిన. నీకు చూపెట్టిన గూడ."

"నిన్ను అంచు కుట్టుమన్న. రంగెవలు ఎయ్యమన్నరు?"

"నా నోరు నువ్వే బంద్ పెట్టినవ్. చేతులు గూడ కట్టేస్తవా?" శివమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పదకొండేండ్లు ఎనకనే నిలవడ్డ. నిన్నగాక మొన్నొచ్చిన బావకు కట్టె ఇస్తవ్. నేను ఎవలకు పుట్టిన?"

సంగప్ప కట్టె ఎత్తాడు. బసమ్మ అరిచేలోపే విసురుగా కొట్టాడు. శివమ్మ కదల్లేదు. కట్టె ఆమెకు మూరెడు దూరంలో గుంజకు తగిలింది.

శివమ్మ చప్పుడు కాకుండా రెండడుగులు పక్కకు జరిగింది. తండ్రి చూపు ఆమె ఇంతకుముందు నిలబడ్డ చోటే ఉంది.

"నాయినా, నేనేడున్న?"

సంగప్ప కట్టె నేలకు ఆనించి మెల్లగా కూలబడ్డాడు. బసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. సంగప్ప కళ్లకు పొర కమ్మి రెండేళ్లయిందట. ఎర్రటి పటం మీద రంగు పోయిన తెల్లటి మచ్చలు మాత్రం మసకగా ఆనేవట. వాటినే పట్టుకుని కథ నడుపుతున్నాడట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

కుట్టు మంచిగుంది అన్న మాట శివమ్మకు గుర్తొచ్చింది. చూసి మెచ్చుకోలేదని ఎనిమిది రోజుల కష్టాన్ని పగగా మార్చుకుంది. ఆయన చూడనే లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం మాత్రం తగ్గలేదు.

"నాకు గూడ చెప్పలేదా? రోజూ నీ ఎనకుండేది నేను."

"చెప్తే నన్ను పటం ముంగట ఎవలు నిలవడనిస్తరే?" అన్నాడు సంగప్ప. ఆ మాటలో అరుపు లేదు.

ఆయన మల్లప్ప వైపు తిరిగి, నువ్వు ముగిస్తావా అని అడిగాడు. మల్లప్ప మద్దెల తాళ్లు సవరించుకుంటూ తల వంచుకున్నాడు. "పాట నోటికొస్తది మామా. కట్టె ఏడ పెట్టాల్నో నాకు తెల్వది. శివమ్మకు తెలుసు. నేను మరిస్తె ఎనకనుంచి మెల్లగ అందించేది గూడ గామెనే."

సంగప్ప తల విదిలించాడు. "ఆడిది కట్టె పడ్తె పటేల్ లేసిపోతడు."

"పెద్దవ్వ ఆడిదే గద," అంది శివమ్మ. "ఆమె కథ ఇంటె లేని నామోషి, నేను చెప్తె వస్తదా?"

సంగప్ప సరేననలేదు. ఆమె గొంతు వచ్చిన దిక్కుకు కట్టె చాపాడు.

పొద్దు వాలాక జనం మళ్లీ కూర్చున్నారు. పటం ముందు శివమ్మను చూసి గుసగుసలు లేచాయి. జగన్నాథ్ పటేల్ కనుబొమ్మలు ముడిచి ఏదో అనబోయాడు. అంతలో ఆయన తల్లి రుక్కమ్మ ముసుగు సవరించుకుని, అందరికంటే ముందుకు జరిగి కూర్చుంది. పటేల్ ఊరుకున్నాడు.

వెనక, శివమ్మ రోజూ నిలబడే చోట సంగప్ప చుట్ట పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె గొంతు మొదట సన్నగా వచ్చింది. పెద్దవ్వ ముఖం దగ్గర కట్టె సరిగ్గా ఆగింది. ఎవరూ నవ్వలేదు. ఆరు ఎద్దులు ఏరు చేరాయి. ఏడోది కూలబడ్డ చోటికి వచ్చేసరికి రుక్కమ్మ కళ్లు తుడుచుకుంటోంది. శివమ్మ తాను వేసిన కొత్త రంగు చెదరకూడదని కట్టెను బెత్తెడు దూరంలో ఆపి, గాలిలోనే చూపించింది.

చుట్ట కదలడం ఆగింది.

"కట్టె గట్టిగ ఆనియ్యే," పటం వెనక నుంచి తండ్రి గొంతు కసురుకుంది. "నాకు ఇనవడాలె. ఎప్పుడు ఇప్పాల్నో ఎట్ల తెలుస్తది?"

"రంగు పోతది నాయినా."

"పోనియ్."

శివమ్మ తడిసిన చెంపలు తుడుచుకోలేదు. చేయి ఎత్తి, కొంగు పిండుతున్న పెద్దవ్వ పిడికిలి మీద కట్టెతో టక్కున కొట్టింది. ఎర్రటి రంగు పొడి చిటికెడు రాలింది. వెనక చుట్ట మెల్లగా విప్పుకోవడం మొదలైంది.