మార్కుల అట్ట మీద ఎర్రగీతలు

నగరిలో మగ్గాల వీధికి ఆదివారమూ ఒకటే, సోమవారమూ ఒకటే. తెల్లవారేసరికి ఇంటింటా మోటార్లు మొదలవుతాయి. ఆదిమూలం ఇంట్లో రెండు మరమగ్గాలూ ఆడుతుంటే గోడకున్న దేవుడి పటాలు వణుకుతున్నాయి. అతను నేసిన తాన్లు సైకిలుకు కట్టుకుని షావుకారు దొరస్వామి గోడౌనుకు బయలుదేరాడు.

మొగుడు అటు వెళ్లగానే మునిలక్ష్మి బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరికి వచ్చింది. చంకలో బిందె, చేతిలో కూతురి ప్రోగ్రెస్ కార్డు. మూడో తరగతి చదివే చౌడేశ్వరి నిన్న బడినుంచి తెచ్చి, సంతకం కావాలని గూట్లో పెట్టింది. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు.

"సూడు దేవకత్తా! మా చౌడికి అయ్యోరు ఎన్ని ఎర్రగీతలు ఏసినాడో. ఒక్కదానికి తప్ప అన్నిటికీ ఏసినాడు."

పక్కింటి దేవకమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని కార్డు అందుకుంది. ఆమెకూ చదువు రాదు. "నిజమేమే! ఇన్ని ఎర్రగీతలే! అబ్బ, నీ బిడ్డ గట్టిదే" అంది.

వాళ్లను చూసి నవ్వడానికేమీ లేదు. దొరస్వామి గోడౌనులో ప్రతి తానునూ వెలుతురుకు పట్టి చూస్తారు. పోగు తెగనిదైతే అంచుకు ఎర్రదారం కడతారు, తప్పున్నదైతే దారం లేకుండా వెనక్కి విసిరేస్తారు. మొగుడు ఇంటికి ఎర్రదారం వార్త తెచ్చిన రోజు మునిలక్ష్మి పాయసం వండేది. ఎరుపంటే మంచి సరుకని ఆమెకు నేర్పిన లోకం అది. కుళాయి దగ్గరికి వచ్చిన అందరికీ, అటుగా వచ్చిన దొరస్వామికి కూడా కార్డు చూపించింది. ఆయన చదువుకున్నవాడు. కార్డు చూశాడు, ఆమెను చూశాడు, "బాగుండాది, బాగుండాది" అని వెళ్లిపోయాడు. అక్కడే ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన నోటి ముత్యాలేమన్నా రాలిపోయేవా? చెప్పలేదు. గోడౌనుకు వెళ్లి, పదిమంది ముందు ఆదిమూలానికి చెప్పి పడీపడీ నవ్వాడు.

ఆదిమూలం సైకిలును గోడకు గుద్దినట్టు ఆనించి ఇంట్లోకి వచ్చాడు. మగ్గాల హోరులో అతని కేకలు సగమే వినపడుతున్నాయి.

"యాడ ఆ కార్డు? ఈదంతా తిప్పినావంటనే!"

"తిప్పితే ఏమయ్యా? బిడ్డకు ఎర్రగీతలు..."

"ఎర్రగీతంటే తప్పిందని అర్థం! తెలుగులో తప్పింది, సైన్సులో తప్పింది, సోషల్లో తప్పింది. తప్పినదాన్ని ఊరేగించినావు. దొరస్వామి నా మొగాన్నే నగినాడు!"

మునిలక్ష్మి చేతిలో నూలు కండె అలాగే ఉండిపోయింది. పొద్దున కార్డు చూపించిన ముఖాలన్నీ ఒక్కొక్కటిగా కళ్లముందుకొచ్చాయి. సిగ్గుతో ఒళ్లంతా మండింది.

ఆదిమూలం అయిదో తరగతి దాకా చదివాడు. కార్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి వినిపించాడు. "ర్యాంకు, కడాకరుది. ప్రవర్తన, మొండి. పిలిస్తే పలకదు. అడిగితే నోరు తెరవదు. చదువుకు పనికిరాదు. ఇన్నావా? ఇంగ బడీ వద్దు, గిడీ వద్దు. రేపట్నుంచి రాట్నం ముందర కూసోని కండెలు సుట్టమను."

"ఎనిమిదేండ్ల బిడ్డ ఎందుకు పనికొస్తాదో ఎందుకు పనికిరాదో ఆయప్పకు అప్పుడే తెలిసిపోయిందా? గుడ్డలో పోగు తెగితే యాడ తెగిందో సూపించి పంపిస్తారు. ఈయప్ప బిడ్డలో ఏం తెగిందో సెప్పినాడా? గీత గీసి పారేసినాడు. నువ్వు ఆ గీత పట్టుకోని బిడ్డను రాట్నానికి కట్టేస్తావా?"

"గమ్మునుండు మే! సదువురానిదానివి, నీకేం తెలుసు?"

"అవును, రాదు. నాకు రాలేదనే గదా దాన్ని పంపించింది! బడి మాన్పిస్తే ఈ పూటనుంచి నీ మగ్గం నువ్వే సూసుకో. నా చెయ్యి కండె ముట్టదు."

వాళ్ల అరుపులకు మగ్గాలు అరుపులు కలుపుతున్నాయి. అంతలో కరెంటు పోయింది. మోటార్లు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయాయి. వీధి వీధంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ మూలన చౌడేశ్వరి వాళ్లకు వీపు పెట్టి, పలక మీద కూడికలు చేసుకుంటోంది. ఇంత రభసా తన గురించేనని ఆ పిల్లకు పట్టినట్టే లేదు.

"చౌడీ, ఇట్లరా" అన్నాడు ఆదిమూలం.

పిల్ల తిరగలేదు.

"చౌడీ! నిన్నే."

బలపం కదులుతూనే ఉంది. ఆదిమూలం పెళ్లాం వైపు తిరిగాడు. "సూసినావు గదా? కన్న నాయన పిలిస్తే దీనికి లెక్కలేదు. అయ్యోరు రాసిందాంట్లో తప్పేముండాది?" అంటూ చెయ్యెత్తుకుని మూలకు నడిచాడు.

"ఆగరా!"

గడప దగ్గర నూలు చిక్కు తీస్తున్న అతని తల్లి నాగరత్నమ్మ అడ్డమొచ్చింది. ఆమెకు చెవుడు. మాటలు వినపడకపోయినా ఎత్తిన చెయ్యి కనపడింది. బుట్టలోంచి ఒక ఖాళీ కండె తీసి నేలమీద దొర్లించింది. మగ్గాలు ఆడేటప్పుడు ఆ ఇంట్లో ఎవరు ఎవరిని పిలవాలన్నా అంతే. నోటితో పిలిస్తే ఏమూలకూ వినపడదు కనుక కాళ్ల దగ్గరికి కండె దొర్లిస్తారు.

కండె వచ్చి పాదానికి తగలగానే చౌడేశ్వరి చటుక్కున తిరిగింది. "ఏమవ్వా?" అంది నవ్వుతూ, మగ్గాలు ఇంకా ఆడుతున్నంత గట్టిగా.

ఆ గొంతు నిశ్శబ్దంలో ఇల్లంతా మోగింది. ఆదిమూలం ఎత్తిన చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

మునిలక్ష్మి వెళ్లి కూతురి వెనక నిలబడింది. "చౌడీ" అంది. "బంగారూ" అంది. "బజారుకు పోదాం రా" అంది. పిల్ల అవ్వ ముఖమే చూస్తోంది. మునిలక్ష్మి ముందుకు వచ్చి కూర్చుని, అంతే మెల్లగా, "బజారుకు పోదామా?" అని అడిగింది. పిల్ల తల్లి పెదవుల మీదే చూపు నిలిపి, "ఈ ఎండలోనా మా?" అంది.

"అత్తా, నీకు తెలుసా?" అని నాగరత్నమ్మకు చెవిచూపి సైగ చేసింది మునిలక్ష్మి.

"నా మాదిరే గదా" అంది ముసలామె. "మగ్గాలోళ్లకు ఇదొక రోగమా? నాకొచ్చింది, మీ మామకొచ్చింది. దానికి కొంచెం ముందే వచ్చినట్టుంది."

"ముందే వచ్చిందా? ఎట్లొచ్చింది?" మునిలక్ష్మి లేచి నిలబడింది. అంతవరకు మొగుడి మీద ఉన్న కోపం ఇప్పుడు ఇంటి గోడలన్నిటి మీదికీ వచ్చింది. "ఉయ్యాల యాడ కట్టినాం? ఈ మగ్గం పక్కన! మగ్గం ఆగితే బిడ్డ ఏడస్తా ఉండాది, ఆపొద్దు అంటివి గదయ్యా! నేనూ సరేనంటిని. పొద్దుకూ మునిమాపుకూ అందరం అరుస్తానే ఉన్నాం, మన ముఖాలు సూసి పలుకుతా ఉంటే ఇనపడతాండాదనుకుంటిమి. మనకు బుద్ధిలేదు సరే. ఆ అయ్యోరికి మగ్గం లేదే! ఆయప్ప బడి గమ్మున ఉంటాదే! ఒక్కరోజు దగ్గిరికి పిలిచి సూసినాడా? కడా బెంచీలో కూసోబెట్టి, పలకలేదని గీతలు గీసినాడు!"

ఆదిమూలం కార్డు మళ్లీ చూశాడు. ఎర్రగీత లేని ఆ ఒక్క అంకె లెక్కలకు వచ్చింది. యాభైకి నలభైయేడు. పొద్దుటినుంచి అదేమిటని ఎవరూ చూడలేదు. కూతురి ముందు గొంతుక్కూర్చుని అడిగాడు. "లెక్కలు ఎట్ల సేసినావు మా?"

"బోర్డు మీద రాస్తాడు గదా నాయనా. సూసి సేసినా."

"మిగతావి?"

"అవి నోటితో అడగతాడు. బెంచీల మధ్య నడస్తా అడగతాడు. ఈపక్క తిరిగినా మీసాల్లో నోరు కనపడదు."

"అయ్యోరికి సెప్పకపోతివా?"

చౌడేశ్వరి ఆశ్చర్యంగా చూసింది. "అందరికీ అట్లే గదా నాయనా? వాళ్లు తెలివిగల్లోళ్లు, ఊహించి సెప్తారు. నాకు ఊహించేది రాదు."

ఆదిమూలం కొట్టడానికి ఎత్తిన చేత్తోనే పిల్ల తల నిమిరాడు. "తప్పు నాదే మునిలక్ష్మీ" అన్నాడు. "పెన్ను ఇయ్యి, సంతకం పెడతా."

"పెట్టొద్దు" అంది ఆమె. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారే కోపం కాదు. "రేపు ఇద్దరం బడికి పోదాం. ఆ మొండి అనే మాట ఆయప్ప చేత్తోనే కొట్టేయించి, బిడ్డను ముందు బెంచీలో కూసోబెట్టినాక పెట్టు. చెవుల డాక్టరు తిరపతిలో ఉన్నాడంట. రెండు రోజులు మగ్గాలు ఆగినా సరే, ఆడికీ పోదాం."

"పోదాం" అన్నాడతను. బేరం లేదు, గొణుగుడు లేదు.

మునిలక్ష్మి కార్డు మీది ఒక ఎర్రగీత పైన వేలుపెట్టి కూతురి ముఖం తనవైపు తిప్పుకుంది. "ఇదంటే ఏందో నీకు తెలుసా చౌడీ?"

"తెలుసు మా. తప్పినట్టు."

"తెలిసే నాకు సెప్పలేదా?"

పిల్ల గీత మీదున్న తల్లి వేలు పట్టుకుంది.

"నువ్వు దాన్ని సూసి నగుతావుంటివి. ఎప్పుడూ అట్ల నగవు గదా. అందుకే సెప్పలేదు."

షావుకారు నవ్వాడని విన్నప్పుడు ఏడవని మునిలక్ష్మి, మొగుడు అరిచినప్పుడు ఏడవని మునిలక్ష్మి, కూతురిని గుండెలకు హత్తుకుని పెద్దపెట్టున ఏడ్చింది. అప్పుడే కరెంటు వచ్చింది. వీధి వీధంతా మగ్గాలు ఒక్కసారిగా హోరుమన్నాయి. ఆదిమూలం లేచి వెళ్లి తమ మోటార్ల స్విచ్చి ఆపేశాడు.