పిడి లోపలి అంకె

మడతకత్తుల సంగతి పూర్తిగా తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు సానతాత, రెండోవాడు ఇంకా పుట్టలేదు. తాత కళ్లకు గంతలు కట్టి చెవి దగ్గర కత్తిని టక్కున మూస్తే చాలు, చేసినవాడి పేరు చెప్పేవాడు. మొహమాటపెడితే వాడి మామగారి పేరు కూడా చెప్పేవాడు. ఒకసారి తుప్పు పట్టి సగం మట్టయిన కత్తిని వాసన చూసి, "వీడికి ఎడమకన్ను ఆనదు" అన్నాడట. ఆ మాట చెవినపడ్డ రోజే చేసినవాడు పోయి కళ్లద్దాలు కొనుక్కున్నాడు. నమ్మకపోతే మానండి, ఆ అద్దాలు నేను చూశాను.

ఆ వేళ మధ్యాహ్నం నుంచే వాన. మబ్బుకి తాత దుకాణంలో దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. నూనె వాసన, తడిసిన ఇనుము వాసన. తాత టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. చేతులకు వణుకు పట్టుకుని పన్నెండేళ్లు. ఏ టీ అయినా సగం ఆయన తాగితే సగం చొక్కా తాగేది. వణుకు మొదలైనప్పుడే తన రెండు వందల పన్నెండో కత్తితో చేతిపని చాలించి, అరగదీసే ఆకురాయిని సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నాడు. అప్పట్నుంచీ కత్తులు చూడ్డమే, చెయ్యడం లేదు.

"మామయ్యా, రాత్రిళ్లు ఆ గీకుడు ఇక ఆపుదురూ," అంది కోడలు గ్లాసు అందుకుంటూ. "నెల్లాళ్లయింది మాకు కంటిమీద కునుకు లేక."

"ఎలకలమ్మా."

"మూడుసార్లు గీకి, ఆగి, ఉఫ్‌మని పొడి ఊదే ఎలకలా? అయితే మీ దగ్గర బాగానే పని నేర్చుకున్నాయి." నవ్వుకుంటూ మేడమెట్లెక్కింది.

ఆమె అటు వెళ్లగానే ఇటు గొడుగు మూస్తూ ఒకావిడ లోపలికొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిరుమాలు విప్పి బల్లమీద ఒక మడతకత్తి పెట్టింది.

"దీన్ని ఎవరు చేశారో చెప్పాలి తాతగారూ. మా అన్నయ్యకి వీటిని పోగుచేసే పిచ్చి. ఎవరి దగ్గరా లేని కత్తి ఒకటి చేయిస్తున్నానని నెల కిందట వెళ్లాడు. మళ్లీ రాలేదు. నిన్న పొద్దున ఇది మా గుమ్మం ముందు ఉంది. చేసినవాడు దొరికితే అన్నయ్య దొరుకుతాడు."

"ఎవరిచేత చేయిస్తున్నాడో చెప్పలేదా?"

"అడిగాను. పేరు కత్తే చెబుతుందిలే అన్నాడు."

"చెప్పక చస్తుందా," అని తాత కత్తిని చెవి దగ్గర పెట్టి మూశాడు. టక్.

మళ్లీ మూశాడు. టక్.

ఎరిగిన చప్పుడే. మన ఇంటి తలుపు చప్పుడులా బాగా ఎరిగిన చప్పుడు. పేరు మాత్రం నోటికి రాలేదు.

ఈ పనిలో ఒక కట్టుబాటుంది. నిఖార్సయిన పనివాడు కత్తి పైన పేరు వేసుకోడు. పిడి లోపల, ఇంకో పనివాడు విప్పితే తప్ప కనపడని చోట, తను చేసిన కత్తుల్లో అది ఎన్నోదో ఆ అంకె కొడతాడు.

"దీపం ఇలా పట్టుకోమ్మా. విప్పాలి."

వణికే చేతులతో మేకులు ఎలా తీస్తానా అనుకున్నాడు. ముట్టుకోగానే ఊడి వచ్చాయి.

పిడికున్న తెల్ల చెక్కను భూతద్దం కింద పెట్టాడు. ఎముక. గొడ్డుది, గొర్రెది, దుప్పిది... ఆయన చేతిలో పడని ఎముక లేదు. ఇది వాటిల్లో ఏదీ కాదు. దానికి అడ్డంగా సన్నటి గీత. పగులు కాదు. ఎప్పుడో విరిగి, మళ్లీ అతుక్కున్న చోటు.

తాత గొంతు తగ్గించాడు. "మీ అన్నయ్యకి ఎప్పుడైనా... చెయ్యి విరిగిందా అమ్మా?"

ఆమె మొహం వెలిగింది. "చిన్నప్పుడు గోడమీంచి పడ్డాడు. నేనే తోశాను. అదెలా తెలిసింది తాతగారూ? మీ గురించి విన్నది నిజమే."

తాత చెక్కను బోర్లా తిప్పాడు. ఆకురాయి గీతలు. మూడేసి, మూడేసి. ప్రతి మూడింటి పక్కనా వెంట్రుకంత గీత ఇంకోటి. పన్ను విరిగిన ఆకురాయి అలా గీస్తుంది. అలాంటిది ఆయనకు తెలిసి ఒక్కటే ఉంది.

గీతల చివర అంకె.

213.



"ఎవరు తాతగారూ?"

"తెలియదమ్మా."

పుట్టి బుద్ధెరిగాక ఆ నోట ఆ మాట రాలేదు.

"మీకే తెలియకపోతే ఇంకెవర్ని అడగను," అని ఆమె కళ్లు తుడుచుకుని, వాన తగ్గేదాకా ఉంటానని గుమ్మం దగ్గరకెళ్లి వీధివైపు తిరిగి నిలబడింది.

తాత మెడలోంచి తాళంచెవి తీశాడు. పన్నెండేళ్లుగా తెరవని తాళం. నూనె రాసినట్టు తిరిగింది.

ఆకురాయికి తుప్పు లేదు. మెరుస్తోంది. పళ్ల మధ్య తెల్లటి పొడి... ఇంకా తడిగా ఉంది. పక్కనే అంకెల అచ్చుల పెట్టె, మూత తీసి. మూడు అచ్చులు బయట వరసగా పేర్చి ఉన్నాయి.

రెండు. ఒకటి. నాలుగు.

పైనుంచి కోడలి గొంతు. "మామయ్యా... పగలే మొదలెట్టారా?"

గుమ్మంలో ఆవిడ ఎడమ చెయ్యి మోచేతి దాకా బయటికి చాపి, చినుకులు తగ్గాయేమో చూస్తోంది.

తాత తన చేతులు చూసుకున్నాడు.

వణకడం లేదు.