కాలువకన్ను

ఉదయం ఏడింటికి సలోమి తలుపు పక్కనున్న భారఫలకం మీద నలభై ఒకటి వెలిగింది. ఆ అంతస్తులో మరెవరికీ తొమ్మిది దాటలేదు.

"ఇది ఇల్లా, సబ్బుల ఫ్యాక్టరీయా?" అన్నాడు భవన కార్యదర్శి భుజంగరావు, గడప అవతలే నిలబడి. "నీ ఒక్కదాని మూలంగా నిన్న ముప్పై రెండు కొంపలకి నీళ్ళు కట్టేశారు."

గుంటూరులో ప్రతి ఇంటి మురుగు గొట్టంలోనూ కాలువకన్ను పెట్టి అప్పటికి పదేళ్ళు. సబ్బు, షాంపూ, ఫినాయిలు, సెంటు, ఏది ఎంత కాలువలోకి పోయిందో అది అంచనా కట్టి, అంకె చేసి తలుపు దగ్గరి భారఫలకం మీద చూపించేది. భవనం మొత్తం అంకె హద్దు దాటితే అందరికీ నీళ్ళు ఆగిపోయేవి. చెరువులు తేటపడ్డ మాట నిజమే. తలంటుకున్నవాణ్ణి దొంగలా చూడడం కూడా జనం నేర్చుకున్నారు. ఎందుకు కడుక్కున్నారో ఆ కంటికి అక్కర్లేదు. భుజంగరావుకి అంతకన్నా అక్కర్లేదు.

"పొక్కుజ్వరం వార్డులో నర్సుని సార్," అంది సలోమి. "మందు సబ్బుతో స్నానం చెయ్యకుండా నలుగురిలో తిరగకూడదు."

"ఆ స్నానమేదో ఆసుపత్రిలోనే తగలెయ్యి."

"అక్కడ మా స్నానాలగదికి తాళం వేశారు. వాళ్ళ అంకె తగ్గాలిగా."

భుజంగరావు నవ్వాడు. "మీవాళ్ళకి ఈ శుభ్రం ఎప్పణ్ణించి అలవాటయింది?"

ఆదివారం సభ పెట్టారు. వారంలోగా అంకె తొమ్మిదికి దిగాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి. చేతులెత్తినవాళ్ళలో మూడో అంతస్తు నీలవేణి కూడా ఉంది, ఏడు నెలల పాపని చంకనేసుకుని.

ఆ వార్డు నర్సుకి ఇల్లిచ్చేవాళ్ళు ఊళ్ళో మరి లేరు. సలోమి తన కూతుర్ని తెనాలిలో అక్క దగ్గర దింపి వచ్చింది. ఉత్త నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టింది. ఎవరినీ తాకకుండా, మెట్ల కమ్మీ కూడా పట్టుకోకుండా నడిచేది. ఫలకం ఎనిమిదికి దిగింది.

"చూశావా? కాస్త గట్టిగా చెబితే గానీ వినరు మీరు," అన్నాడు భుజంగరావు, మెట్ల మీద ఎదురుపడి, ఆమె వెనక్కి జరుగుతున్నా భుజం తట్టి మరీ.

పద్నాలుగో రోజున అతని మనవడికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. మర్నాటికి ఆ భవనం నుంచి ఆరుగురు పిల్లలు వార్డుకొచ్చారు.

"అమ్మా సలోమీ, నువ్వే దిక్కు," అంటూ చేతులు జోడించాడు భుజంగరావు. ఆమె అతని మొహం వైపు కూడా చూడలేదు. పిల్లాణ్ణి అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. తొమ్మిది రోజులు ఆ ఆరుగురినీ కనిపెట్టుకుని ఉంది. ఐదుగురు బతికారు. నీలవేణి పాప బతకలేదు.

ఆ నెల శుద్ధభవన పురస్కారం వాళ్ళ భవనానికే వచ్చింది. అధికారులు అంకెలు మెచ్చుకుని, టీ తాగి, ఫొటో దిగి వెళ్ళారు. ఫొటోలో భుజంగరావు సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

సాయంత్రం నీలవేణి సలోమి తలుపు తట్టింది. జుట్టు ముడైనా వేసుకోలేదు.

"మా ఇంటికి ఆ జబ్బుని నువ్వే తెచ్చావా?"

తాళం వేసిన గది గురించి, తీర్మానం గురించి, ఆరోజు లేచిన చేతుల గురించి సలోమి చాలా చెప్పొచ్చు. చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

"నేనే తెచ్చానమ్మా," అంది.