లీలాకుమారి ఇంటి గీజర్

"హలో, షేక్‌పేట ఎలక్ట్రికల్స్ దుకాణమేనా నాయనా?"

ఫోన్‌లో వణుకుతున్న ముసలి గొంతు వినగానే వీరభద్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అవును పెద్దమ్మా, చెప్పు."

"మా ఇంట్లో గీజర్ పాడైంది నాయనా. నాకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి. ఈ డిసెంబరు చలిలో చన్నీళ్ళు పోసుకుంటే నేను బతకను. నేను పోతే ఆ పాపం ఎవరికి?"

"అయ్యయ్యో, గట్లనకు పెద్దమ్మా! ఇల్లేడ?"

"ఫిల్మ్‌నగర్. ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్వరరావుగారి ఇల్లు. నీళ్ళ ట్యాంకు పక్క సందులో పసుపు రంగు మేడ."

"ఫికర్ చెయ్యకు. ఇగో, వస్తున్న!"

అవతల ఫోన్ పెట్టేసి, లీలాకుమారి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. డెబ్బై దాటడానికి ఆమెకింకా చాలా కాలం ఉంది. ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. హీరోయిన్ పక్కన నవ్వే స్నేహితురాళ్ళకీ, కోపిష్ఠి అత్తలకీ, ఏడ్చే పసిపిల్లలకీ గొంతు ఇస్తుంది. సొంత గొంతుతో రెండుసార్లు ఫోన్ చేసినా ఆ గీజర్ మనిషి రాలేదు. అందుకే ఈసారి ముసలమ్మని దింపింది.

ఆ మంత్రం బాగానే పారింది. కాసేపటికే గేటు ముందు స్కూటర్ ఆగింది. ఒక చేతిలో సామాన్ల సంచి, ఇంకో చేతిలో చిన్న సీసా పట్టుకుని ఒక పొడుగాటి కుర్రాడు లోపలికి వచ్చాడు. ఉంగరాల జుట్టు, మడిచిన చొక్కా చేతులు.

"పెద్దమ్మ ఏదమ్మా?" అని లీల తల్లి శారదాదేవిని అడిగాడు. "మోకాళ్ళ నొప్పులంటే మా అమ్మ నూనె ఇచ్చింది. గోరువెచ్చగ చేసి రాయాలె."

"పెద్దమ్మా? ఈ ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళెవరూ లేరు బాబూ" అంటూనే శారదాదేవి మెల్లగా కూతురి వైపు తిరిగింది. "లీలా! మళ్ళీ ఏం చేశావే?"

లీల గోడ మీద కేలెండర్ చదవడం మొదలుపెట్టింది.

కుర్రాడు ఆమెనీ, సీసానీ మార్చి మార్చి చూశాడు. "గా గొంతు మీదేనా మేడం?"

"అయితే ఏంటండీ? మామూలు గొంతుతో పిలిస్తే మీరు వచ్చారా? రెండుసార్లు ఫోన్ చేశాను!"

"రెండుసార్లు వచ్చిన. రెండుసార్లూ గేటుకు తాళం. పక్కింటామెను అడగండి."

"అబద్ధం!"

"అబద్ధం కాదే" అంది శారదాదేవి నాలిక కరుచుకుని. "నువ్వు స్టూడియోకి వెళ్ళాక నేను శ్రీనగర్ కాలనీ పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. రెండు రోజులూనూ."

లీల మొహం జేవురించింది. అతను నవ్వలేదు, కోప్పడలేదు. సీసాని టేబుల్ మీద పెట్టి, "ఎప్పటికైనా మోకాళ్ళ నొప్పులొస్తే పనికొస్తది" అని బాత్‌రూమ్ వైపు నడిచాడు.

ఆ వెనకే లీల కూడా వెళ్ళింది, ఏం చేస్తాడో కనిపెట్టాలన్నట్టు. అతను ఎత్తు స్టూలు ఎక్కి గీజర్ మూత విప్పుతుంటే ఆ స్టూలు ఒక పక్కకి ఒరిగింది.

"భద్రం!" అని అరిచింది లీల.

"ఏంది మేడం?"

"ఏం లేదు. భద్రం అన్నాను."

"అదే, ఏందని అడుగుతున్న."

"అబ్బ! పడిపోతారేమోనని భద్రం అన్నానండీ!"

"ఓహో." అతను గీజర్ వెనక్కి మొహం తిప్పుకున్నాడు గానీ భుజాలు ఊగుతున్నాయి. "నా పేరు వీరభద్రం. ఇంట్ల అందరూ భద్రం అంటరు. మా అమ్మ తప్ప ఇంత ప్రేమగ ఎవరూ పిలువరనుకున్న."

లీల స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకుంది. స్టూలు పడకూడదనో, తను పడకూడదనో ఆమెకే తెలియలేదు.

కాయిల్ కాలిపోయింది. అది మార్చాక నీళ్ళు వేడెక్కాయి. కానీ భద్రం గీజర్ అడుగున వేలితో రాసి, ఆ వేలు లీలకి చూపించాడు. ఎర్రటి తుప్పు.

"ట్యాంకు పని అయిపోయింది మేడం. కొత్తది పెట్టాలె."

"ఆ మాట అంటారని నాకు ముందే తెలుసు. షాపువాళ్ళందరూ అదే అంటారు."

"నమ్మకపోతే నష్టం నాకు కాదు. స్నానం చేసేటప్పుడు స్విచ్చి ఆపండి. చెమ్మ కనబడితే ఫోన్ చెయ్యండి. ఈసారి మీ గొంతుతోనే చెయ్యండి, వస్త."

"నాన్నగారు అరకులో అవుట్‌డోర్ షూటింగ్‌లో ఉన్నారు. ఫోన్‌లో అడిగి చెప్తాను."

"మంచిది. కొత్తది ఆర్డర్ ఇయ్యాలె, జర టైం పడుతది. అప్పటిదాంక నేనే వచ్చి చూసిపోత."

చూసిపోవడానికి మర్నాడే వచ్చాడు. ఆ మర్నాడు లీలే ఫోన్ చేసి చెమ్మ కనిపించిందంది. అతను వచ్చి చూస్తే గీజర్ కింద చెమ్మ ఉంది గానీ, పక్కనే తడి మగ్గు కూడా ఉంది. అతను ఆ మగ్గుని చూశాడు. లీల పైకప్పుని చూసింది.

ఆ రోజే లీల అడిగింది.

"భద్రంగారూ, నాకో సాయం చేస్తారా? ఆదినారాయణగారి సినిమాలో రెండో హీరోయిన్‌కి డబ్బింగ్ వచ్చింది. ఇన్నాళ్ళకి హీరోయిన్! కానీ ఆ పిల్లది హైదరాబాద్ యాస. నేను పుట్టి పెరిగింది మద్రాసులో. అమ్మావాళ్ళది కాకినాడ. నా నోట ఆ యాస పలకడం లేదు."

ఆమె డైలాగు చదివింది. తనని మోసం చేసి వెళ్ళిపోతున్న వాడితో ఆ పిల్ల అనే మాట. "నువ్వు పోతే పో. నేనేడికి పోత? నేనీడనే ఉంట."

భద్రం చెవులు మూసుకున్నాడు. "ఏంది మేడం, కూరగాయల బండి వచ్చినట్టు గంత లొల్లి?"

"కోపంలో ఉందండీ!"

"మా అమ్మకు కోపమొస్తే గొంతు పెంచదు. తగ్గిస్తది. మా నాయిన పోయినంక బంధువులు వచ్చి దుకాణం అమ్మి ఊరికి పొమ్మన్నరు. మా అమ్మ ఒక్కసారి కూడా అరవలే. మెల్లగ అన్నది, 'మేమేడికి పోతం? ఈడనే ఉంటం' అని. గంతే. అందరు లేచి పోయిన్రు."

లీలకి ఒళ్ళు జలదరించింది. "ఇంకోసారి చెప్పండి" అంది. అతను చెప్పాడు. ఆమె అంది. అతను దిద్దాడు. శారదాదేవి కాఫీ తెచ్చిచ్చి, గీజర్ మూత ఇంకా విప్పకుండానే ఉండటం చూసి, నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రికార్డింగ్ రోజున లీలే పట్టుబట్టి భద్రాన్ని డబ్బింగ్ థియేటర్‌కి రమ్మంది. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, సౌండ్ ఇంజినీర్ వెనక కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. అద్దం అవతల మైకు ముందు నిలబడి లీల చేయి ఊపింది. ఆ చేయి ఊపుకే అతనికి చెమటలు పట్టాయి.

తెర మీద బొమ్మ కదిలింది. లీల గొంతు తగ్గించి చెప్పబోతుంటే డైరెక్టర్ ఆదినారాయణ ఆపాడు.

"అలా కాదమ్మా! యాస అంటే జనం నవ్వాలి. కాస్త వెకిలిగా, సాగదీసి, ముక్కుతో అను."

లీల చేతిలోని కాగితం వైపు చూసింది. ఇన్నాళ్ళకి వచ్చిన అవకాశం. ఆలోచించే లోపలే తెర మళ్ళీ వెలిగింది. ముక్కుతో సాగదీసి అనేసింది. థియేటర్ ఘొల్లుమంది. ఆ నవ్వులో లీల కూడా నవ్వింది.

నవ్వుతూనే అద్దం వైపు చూసింది. కుర్చీ ఖాళీ.



"ఓకేనమ్మా, నెక్స్ట్" అన్నాడు ఆదినారాయణ.

"ఓకే కాదు సార్. అది చెరిపేయండి."

"ఏమిటీ?"

"ఆ పిల్ల బతుకు పోయి నిలబడింది సార్ అక్కడ. నవ్వించడానికి కాదు. అలా నేను చెప్పను."

"అయితే చెప్పేవాళ్ళని పిలిపించుకుంటాను."

"పిలిపించుకోండి. కానీ ముందు ఒక్కసారి నా పద్ధతిలో వినండి. నచ్చకపోతే నేనే వెళ్ళిపోతాను."

ఆదినారాయణ విసుగ్గా చెయ్యి ఊపాడు. తెర వెలిగింది. షేక్‌పేటలో తను ఎన్నడూ చూడని ఆ తల్లిని తలుచుకుని, లీల మెల్లగా అంది.

"నువ్వు పోతే పో. నేనేడికి పోత? నేనీడనే ఉంట."

ఎవరూ నవ్వలేదు. సౌండ్ ఇంజినీర్ వెనక్కి తిరిగి డైరెక్టర్ మొహం చూశాడు. ఆదినారాయణ గడ్డం గోక్కుని, గోక్కుని, "ఇదే ఉంచేయండి" అన్నాడు.

లీల గాల్లో తేలుతూ బయటికి పరిగెత్తింది. వరండాలో లేడు. గేటు దగ్గర స్కూటరూ లేదు.

షాపుకి ఫోన్ చేసింది.

"భద్రంగారూ, ఎందుకు వెళ్ళిపోయారు? అసలేమైందంటే..."

"దుకాణంల గిరాకీ ఉన్నది మేడం. కొత్త గీజర్ బిగించడానికి వేరే మనిషిని పంపిస్త."

"నా మాట వినండి!"

"విన్న మేడం. మంచిగనే విన్న."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగుతూనే ఉంది. ఆ సాయంత్రం గీజర్ని చూసిపోవడానికి ఎవరూ రాలేదు. లీల అన్నం సగంలో వదిలేసింది. శారదాదేవి అడిగితే అంతా చెప్పి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే బాత్‌రూమ్‌లో ఢామ్మని చప్పుడైంది. వెనకే శారదాదేవి కేక.

"లీలా! నీళ్ళే! వరదే!"

గీజర్ అడుగు ఊడిపోయి, మేడ మీది ట్యాంకులోని నీళ్ళన్నీ అక్కడి నుంచే దూకుతున్నాయి. లీల పరిగెత్తి కరెంటు మెయిన్ ఆపింది. డాబా మీదికెళ్ళి వాల్వు తిప్పబోతే అది కదలనే లేదు. నీళ్ళు హాల్లోకి వచ్చేశాయి. ఫోన్ అందుకుంది.

"గీజర్ పగిలింది! వాల్వు తిరగడం లేదు!"

"మెయిన్ ఆపినరా?"

"ఆపాను!"

"మీకేం కాలే గద?"

"లేదు!"

"వస్తున్న!"

స్నానం మధ్యలోంచి వచ్చాడని చూడగానే తెలిసింది. చెవి వెనక సబ్బు నురగ. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా పానా పట్టుకుని డాబా మీదికి పరిగెత్తాడు. లీల వెనకే పరిగెత్తింది.

వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అతను పానా వేసి లాగాడు. కదల్లేదు. లీల కూడా వచ్చి పానా పట్టుకుంది.

"మీరు జరగండి మేడం."

"జరగను. లాగండి!"

ఇద్దరూ కలిసి లాగారు. వాల్వు పక్క నట్టు ఊడి, నీళ్ళు ఫౌంటెన్‌లా లేచి ఇద్దరి మొహాల మీదా కొట్టాయి. డిసెంబరు చలిలో, మంచులాంటి నీళ్ళు. లీల కెవ్వుమంది గానీ పానా వదల్లేదు.

"ఎందుకు వెళ్ళిపోయారు?" అని నీళ్ళలోంచే అరిచింది.

"మీరు నవ్విన్రు గద!"

"నవ్వాను! తప్పే! భయపడ్డాను!"

"అది మా అమ్మ మాట మేడం! మీరడిగితే ఇచ్చిన! ఇంకొకరైతే ఇద్దునా?"

"చెరిపేయించాను!"

"ఏందీ?"

"చెరి... పే... యిం... చా... ను!"

నీళ్ళ హోరులో అతనికి వినపడలేదు. అప్పుడే తువ్వాలు పట్టుకుని పైకి వచ్చిన శారదాదేవి గట్టిగా అంది. "డైరెక్టర్‌తో పోట్లాడింది బాబూ! వెకిలిగా చెప్పనంటే చెప్పనంది. అవకాశం పోయినా సరేనంది. మీ అమ్మగారు అన్నట్టే చెప్పింది. నిన్న రాత్రంతా ఏడుస్తూనే ఉంది!"

"అమ్మా! ఏడుపు సంగతి చెప్పాలా?"

భద్రం చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఏ బలం వచ్చిందో, ఒక్క గుంజుకి వాల్వు తిరిగింది. నీళ్ళు ఆగిపోయాయి. డాబా మీద ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఇద్దరి పళ్ళూ టకటకలాడుతున్నాయి. శారదాదేవి తువ్వాలు అక్కడ పెట్టి, "కాఫీ పెడతాను" అంటూ దిగిపోయింది.

"నేను ఆగి వినాల్సింది" అన్నాడు భద్రం. "ఇంకో మాట చెప్పాలె. ఈ గీజర్ పగలడానికి కారణం నేనే."

"మీరా?"

"కొత్త గీజర్ ఆర్డర్ ఇయ్యలే. దుకాణంలనే ఉన్నది, మొదటి దినం నుంచి. అది పెడితే మళ్ళ ఈ ఇంటికి ఏ సాకుతోని రావాలె? రోజూ చూస్తున్న గద, ఏం కాదనుకున్న. నిన్న కోపంల రాలే. ఇయ్యాల పగిలింది."

లీల కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత కిలకిల నవ్వింది. "ఆ రోజు చెమ్మ ఉందని పిలిచాను చూడండి..."

"మగ్గుతోని పోసిన్రు. చూసిన."

"చూసీ చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళ పిలువరని."

భద్రం తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చాడు. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"లీలా" అన్నాడు మొదటిసారి మేడం లేకుండా. "నువ్వంటే నాకు చానా ఇష్టం. ఇగ సాకులు లేకుండ రావాలని ఉన్నది. రానిస్తవా?"

ఎన్ని సినిమాల్లో, ఎంతమంది హీరోయిన్ల స్నేహితురాళ్ళ వెనక నిలబడి ఈ మాటలు విందో! కానీ తనకే చెప్పినప్పుడు ఎలా జవాబివ్వాలో ఏ రికార్డింగ్‌లోనూ నేర్చుకోలేదు. అన్ని గొంతులూ ఉన్న లీలాకుమారికి ఒక్క గొంతూ పెగల్లేదు. అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, గబగబా తల ఊపింది.

కొత్త గీజర్ ఆ రోజే బిగించాడు.

ఆదివారం భద్రం తల్లి మల్లమ్మ జరీ అంచు చీర కట్టుకుని కొడుకుతో పాటు ఫిల్మ్‌నగర్ వచ్చింది. అరకు నుంచి దిగిన వెంకటేశ్వరరావు సోఫాలో గంభీరంగా కూర్చున్నాడు. భార్య ముందే అంతా చెప్పింది గానీ, ఆయన మొహంలో ఏదీ తెలియడం లేదు. లీల లోపలి గది తలుపు వెనక గుండె పట్టుకుని నిలబడింది.

"మాది సినిమా సంసారమమ్మా" అన్నాడాయన. "అమ్మాయి ఒక్కోరోజు ఏ వేళకి వస్తుందో తెలియదు. పెళ్ళయ్యాక పని మానేయమంటే అది బతకలేదు."

"ఎందుకు మానాలె?" అంది మల్లమ్మ మెల్లగా. "నా మాటను నలుగురిలో నిలబెట్టిన పిల్ల. దాని గొంతు ఆపితే నాకే పాపం. నా కొడుకు ఎదురుపోయి తోలుకొస్తడు. రాలేకపోతే నేనే పోత."

వెంకటేశ్వరరావు ఆమెని కొంచెంసేపు చూశాడు. తర్వాత భద్రం వైపు తిరిగాడు.

"ఏమయ్యా, మార్చి మొదటి వారంలో నాకు షూటింగ్ లేదు. మళ్ళీ వేసవంతా ఊటీలోనే. ముహూర్తం ఆ వారంలో దొరుకుతుందేమో కనుక్కో. నీకు ఖాళీయేనా?"

భద్రం సంతోషంగా తల ఊపాడు.

తలుపు వెనక నుంచి మాట వచ్చింది, హాలంతా మోగేలా.

"నాకూ ఖాళీయే నాన్నా!"

అందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. లీల రెండు చేతులతో నోరు మూసుకుంది. ముందు మల్లమ్మ నవ్వింది, తర్వాత శారదాదేవి, ఆఖరికి వెంకటేశ్వరరావు కూడా.

"రా బిడ్డా, దాక్కున్నది చాలు" అని మల్లమ్మ చేయి చాచి, పక్కన చోటు చూపించింది.